పసిపిల్లల మధుమేహము – నిరంతర గ్లూకోజు పరీక్ష

మొదటి రకపు మధుమేహము గల బిడ్డకు ఇన్సులినే ప్రాణాధారము. 1922లో టొరంటోలో 14 ఏండ్ల బాలునికి దానిని తొలిసారి ఇచ్చిరి. అయితే మోతాదు కొంచెము హెచ్చినను రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. పెద్దలు కళ్ళు తిరుగుచున్నవని చెప్పగలరు. రెండేండ్ల బిడ్డ, అందునను నిద్రలో, చెప్పలేదు.

ఈ లోటును తీర్చునదే నిరంతర గ్లూకోజు పరికరము. చర్మము క్రింద నుంచిన సన్నని తీగ కణముల నడుమనున్న ద్రవములో గ్లూకోజును కొలిచి, కొన్ని నిమిషములకొకసారి అంకెను ఫోనుకు పంపును. ప్రక్కనున్న బాణపు గుర్తు అది పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలుపును. సాధారణముగా డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గినచో హెచ్చరిక మ్రోగి తల్లిదండ్రులను లేపును.

కాని అది నేరుగా రక్తపు అంకె కాదు. రక్తములోని మార్పు ఆ ద్రవములో కనిపించుటకు కొన్ని నిమిషములు పట్టును. బిడ్డ సెన్సరుపై ఒత్తిగిలి పడుకొన్నచో లేని తగ్గుదలను చూపవచ్చును. కావున అంకెకును బిడ్డ వాలకమునకును పొందిక లేనప్పుడు వేలి రక్తపు బొట్టుతో సరిచూడవలెను.

విద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు కానున్నవారికి మేము మనవి చేయునది ఒక్కటే: ఇట్టి బిడ్డ తరగతిలో నున్నప్పుడు ఆ మ్రోతను పాఠమునకు అంతరాయమని తలచి ఆపివేయరాదు, వెంటనే బిడ్డను చూడవలెను.