చవక బొమ్మలే కొనాలా?

బొమ్మలు సేకరించే వాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: "కొంటే కొనుక్కో గానీ, చవకవే కొనుక్కో." ఇంట్లో అమ్మలు చెప్తారు, సీనియర్లు చెప్తారు. బ్యాగుకి నాలుగు కీచైన్ బొమ్మలు తగిలించుకుని తిరిగే వాళ్ళు కూడా తమకి తామే ఈ మాట చెప్పుకుంటారు. 300 దాటితే కొనను, 500 దాటితే కొనను అని ఒక గీత గీసుకుంటారు. స్టూడెంట్‌కి ఇంతకన్నా బుద్ధిగా ఉండే రూల్ ఇంకేం ఉంటుంది అనిపిస్తుంది.

నాకూ బొమ్మల పిచ్చి ఉంది. హాస్టల్ రూమ్‌లో నా టేబుల్ మీద పుస్తకాల కన్నా బొమ్మలే ఎక్కువ. ఇంటి నుంచి నెలకి చేతికొచ్చేది 3,000. జిరాక్సులు, రీచార్జ్, బయట తినే టిఫిన్లు అన్నీ అందులోనే. కాబట్టి ఈ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చే ప్రశ్న లాంటిది కాదు, ప్రతి నెలా ఎదురయ్యేదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఖర్చుకి హద్దు కచ్చితంగా ఉండాలి. కానీ ఆ హద్దుని ఒక్కో బొమ్మ ధర మీద పెడితే పని చెయ్యదు. ఏడాదికి ఎన్ని బొమ్మలు, మొత్తం ఎంత డబ్బు అన్నదాని మీద పెట్టాలి.

చవక రూల్‌లో మంచి లేకపోలేదు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి తమకి ఏం నచ్చుతుందో తెలీదు. చిన్న ధరవి నాలుగు కొని చూస్తే తెలుస్తుంది. పోయినా, విరిగినా ప్రాణం ఉసూరుమనదు. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి బొమ్మ కొనే పరిస్థితి రాదు. ఇవన్నీ నిజమే. అయినా ఈ రూల్ ఎక్కడ దెబ్బతింటుందో మూడు ఉదాహరణలతో చూద్దాం.

పెట్టె చవకే, సెట్ కాదు

మొదటిది లబుబు. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లంగ్ అనే ఆర్టిస్ట్ 2015లో తన బొమ్మల పుస్తకం కోసం గీసిన పాత్ర ఇది. 2019 నుంచి చైనా కంపెనీ పాప్ మార్ట్ వీటిని తయారుచేస్తోంది. అమ్మే పద్ధతి బ్లైండ్ బాక్స్, అంటే లోపల ఏ బొమ్మ ఉందో పెట్టె తెరిచేదాకా తెలీదు. ఒక సిరీస్‌లో సాధారణంగా 6 మామూలు బొమ్మలు, ఒక సీక్రెట్ బొమ్మ ఉంటాయి. 12 బొమ్మల సిరీస్‌లూ ఉన్నాయి.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక పెట్టె 300 రూపాయలు అనుకుందాం. ఆరు బొమ్మలూ సమానంగా వచ్చే అవకాశం ఉందనీ అనుకుందాం. ఆరూ కావాలంటే ఎన్ని పెట్టెలు కొనాలి? చాలామంది 8 అనో 9 అనో అంటారు. మన ప్రాబబిలిటీ సిలబస్‌లో దీనికి కూపన్ కలెక్టర్ ప్రాబ్లమ్ అని పేరు.

మొదటి పెట్టెలో ఏది వచ్చినా అది కొత్తదే. రెండో కొత్త బొమ్మ వచ్చే అవకాశం 6లో 5, కాబట్టి సగటున 1.2 పెట్టెలు. తర్వాతది 1.5, ఆ తర్వాత 2, ఆ తర్వాత 3. చివరి బొమ్మ ఒక్కదానికే సగటున 6 పెట్టెలు పడతాయి. అన్నీ కూడితే 14.7. పైథాన్‌లో ఒక చిన్న లూప్ రాసి పది వేల సార్లు నడిపి చూశాను, జవాబు అక్కడక్కడే వచ్చింది.

అంటే 300 రూపాయల బొమ్మలు ఆరు కావాలంటే అయ్యే సగటు ఖర్చు 1,800 కాదు, సుమారు 4,400. పన్నెండు బొమ్మల సిరీస్ అయితే సగటున 37 పెట్టెలు, అంటే 11,000 పైమాటే. ఇక సీక్రెట్ బొమ్మ వచ్చే అవకాశం 72లో 1 అనుకుంటే, సగటున 72 పెట్టెలు, 21,600 రూపాయలు. అన్ని పెట్టెలు కొన్నాక కూడా నూటికి 36 మందికి పైగా అది దొరకదు.

సీల్ తియ్యని సెట్ మొత్తం ఒకేసారి కొంటే మామూలు బొమ్మలు సాధారణంగా రిపీట్ కావు. ఫ్రెండ్స్‌తో మార్చుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. కానీ ఒక్కొక్కటిగా కొనే మనిషిని గమనించండి. తను ఎప్పుడూ రూల్ తప్పలేదు. ప్రతి పెట్టే 300కే కొన్నాడు. రూల్ చూసేది ఈ ఒక్క పెట్టె ధరే, ఇది ఎన్నో పెట్టె అని అది అడగదు. కోడ్ భాషలో చెప్పాలంటే, లూప్ లోపల కండిషన్ ఉంది గానీ లూప్‌ని ఆపే కండిషన్ లేదు.

ఐదు డాలర్ల బొమ్మలు

"చవకవి ఇప్పుడు కొని దాచుకుంటే తర్వాత ధర పెరుగుతుంది" అనే మాట కూడా వింటుంటాం. 2025 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన ఒక వేలంలో మనిషంత లబుబు ఒకటి 10.8 లక్షల యువాన్లకి అమ్ముడైంది. అలాంటి వార్త చదివినప్పుడు మన టేబుల్ మీద ఉన్న బొమ్మ వైపు చూపు వెళ్ళడం సహజం.

ఈ ఆశ ఎక్కడికి తీసుకెళ్తుందో అమెరికాలో బీనీ బేబీస్ చూపించాయి. టై వార్నర్ అనే వ్యాపారి 1993లో తెచ్చిన చిన్న గుడ్డ బొమ్మలు ఇవి. దుకాణంలో ధర సుమారు 5 డాలర్లు. కొన్ని బొమ్మల తయారీని కంపెనీ ఉన్నట్టుండి ఆపేసేది. దాంతో వాటికి బయట ధర పెరిగేది, జనం మిగతావాటి మీద పడేవారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట, కోర్టు గదిలో నేల మీద బొమ్మలన్నీ పోసుకుని చెరొకటి చొప్పున పంచుకున్నారు. ఆ ఫోటో అప్పట్లో చాలా చోట్ల వచ్చింది. తర్వాత కొద్ది కాలానికే ధరలు పడిపోయాయి. గదుల నిండా దాచిన బొమ్మల్ని అడిగేవాళ్ళు లేకపోయారు.

మరి 1959లో 3 డాలర్లకి అమ్మిన మొదటి బార్బీలు ఇప్పుడు వేల డాలర్లు పలుకుతాయి కదా అని అడగొచ్చు. తేడా అక్కడే ఉంది. ఆ బార్బీలతో పిల్లలు ఆడుకున్నారు, జుట్టు పీకారు, చెప్పులు పారేసుకున్నారు. చెక్కుచెదరకుండా మిగిలినవి తక్కువ. బీనీ బేబీస్‌ని అందరూ ట్యాగ్ కూడా నలగకుండా దాచారు. అందరూ దాచిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? ఐదు డాలర్లే కదా అనుకోవడం వల్లే జనం వందల్లో కొన్నారు. ఒక్కోటి వంద డాలర్లు అయితే అన్ని కొనడానికి చెయ్యి వచ్చేది కాదు.

కొండపల్లిలో 300 గీత

మూడో ఉదాహరణ మన దగ్గరిదే. పై రెండు చోట్లా చవక రూల్ కొనేవాడి జేబుకి చిల్లు పెట్టింది. ఇక్కడ చేసేవాళ్ళ మీద పడుతుంది.

విజయవాడ దగ్గర కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి అనే చాలా తేలికైన కర్రతో చేస్తారు. (ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ చెట్టు పేరు నానమ్మ చెప్పేదాకా తెలీదు.) కర్రలో తడి పోయేలా ఆరబెట్టి, తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కల్ని అతుకుతారు. సున్నం పూత వేసి, ఆరాక రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, అన్నీ ఇలా చేతి మీద అయ్యేవే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఆకారం తీస్తారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్కని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పడుతుంది. రెండు ఊళ్ళ బొమ్మలకీ జీఐ ట్యాగ్ ఉంది. ఏటికొప్పాకలో సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే.

ఇప్పుడు 300 గీత ఇక్కడ పెట్టి చూద్దాం. ఒక బొమ్మకి రెండు రోజుల పని పట్టిందనుకోండి. 300కి అమ్మితే అందులోంచి కర్ర, రంగులు, దుకాణం వాటా పోవాలి. 150 మిగిలిందనుకున్నా రోజుకి 75. ఆ డబ్బుకి ఎవరు చేస్తారు? చేసేవాళ్ళకి మిగిలే దారులు రెండే. గంటలో అయిపోయే చిన్న బొమ్మలే చెయ్యడం, లేదా పనిలో కోత పెట్టడం. వేళ్ళు చెక్కకుండా వదిలేయొచ్చు, సహజ రంగు బదులు డబ్బా పెయింట్ వేయొచ్చు. కొనేవాళ్ళందరూ చవక గీత దగ్గరే ఆగిపోతే, దశావతారాల సెట్ చెయ్యడం వచ్చిన చేతికి పని దొరకదు. తర్వాతి తరం ఆ పని నేర్చుకోవడానికి కారణమూ ఉండదు.

ఇక్కడ ధర గురించి ఒక విషయం తేటపడుతుంది. కొన్ని బొమ్మలు ఖరీదు కావడానికి కారణం వాటిలో ఉన్న పని. ఇంకొన్ని ఖరీదు కావడానికి కారణం కంపెనీ కావాలని తక్కువ చేసి అమ్మడం. దశావతారాల సెట్ మొదటి రకం, సీక్రెట్ బొమ్మ రెండో రకం. రెండో రకానికి మీరు ఎక్కువ ఇచ్చినా బొమ్మలో అదనంగా ఏమీ రాదు. ధర మీద గీసిన గీతకి ఈ తేడా కనబడదు, రెండిటినీ ఒకేలా ఆపేస్తుంది.

కొలువులో ఉన్న హద్దు

మరి ఎలాంటి హద్దు పెట్టుకోవాలి? మన బొమ్మల కొలువులో జవాబు దొరుకుతుంది అనుకుంటున్నా. కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి, కొన్ని ఇళ్ళల్లో దసరాకి, బేసి సంఖ్యలో మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలని ఆనవాయితీ. "కనీసం" అనే అంటారు గానీ, మామూలు ఇళ్ళల్లో చేతిలో డబ్బు, ట్రంకు పెట్టెలో చోటు రెండూ కలిసి దాన్ని "ఒకటే" చేసేస్తాయి.

మా నానమ్మ కొలువే తీసుకోండి. తీర్థంలో కొన్న మట్టి చిలకలు ఉంటాయి. వాటి పక్కనే కొండపల్లి అంబారీ ఉంటుంది. అది ఆ రోజుల్లో తాతయ్య జీతానికి చిన్న ఖర్చేం కాదట. ఒక ఏడు చేతిలో డబ్బుంటే మంచిది కొన్నారు, లేని ఏడు మట్టిది కొన్నారు. ధర ఏటా మారింది, లెక్క మాత్రం మారలేదు. యాభై ఏళ్ళకి కూడా అవన్నీ పాత చీర ముక్కల్లో చుట్టి ఒక్క ట్రంకు పెట్టెలోనే పడుతున్నాయి. ఏ బొమ్మ ఏ ఏడాదిదో ఆవిడకి గుర్తుంది. 37 పెట్టెలు తెరిచిన మనిషికి 19వ పెట్టెలో ఏమొచ్చిందో గుర్తుంటుందా?

నేను పాటించేది ఇదే పద్ధతి, కొంచెం మార్చి. ఏడాదికి 2,400 రూపాయలు, నాలుగు బొమ్మలు. రెండిట్లో ఏది ముందు అయిపోయినా అక్కడితో ఆపేస్తా. నాలుగూ 600వి కొనొచ్చు, లేదా మూడు చిన్నవి కొని మిగిలిన డబ్బంతా ఒక మంచి బొమ్మ మీద పెట్టొచ్చు. మీ అంకెలు మీ ఇష్టం. కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: నేనిచ్చే డబ్బు పనికా, కొరతకా?

చవక బొమ్మ ఇంట్లో చిన్నపిల్లల చేతికి ఇవ్వాలంటే మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. 2021 జనవరి నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. జీఐ ట్యాగ్ ఉన్న చేతిపని బొమ్మలకి, రిజిస్టర్ చేసుకున్న హస్తకళాకారుల బొమ్మలకి మినహాయింపు ఉంది. ఫుట్‌పాత్ మీద దొరికే లబుబు నకళ్ళకి "లఫుఫు" అని ముద్దుపేరు కూడా వచ్చింది. వాటి ముక్కలు ఊడి పిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని 2025లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ హెచ్చరించింది. మా చెల్లికి లబుబు కావాలంటే నేను చూసే మొదటి విషయం ధర కాదు, ఇదే.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మీ ఇంట్లో కొలువు పెడితే ఒక్కో బొమ్మనీ చూపించి "ఇది ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎవరు చేశారు" అని అడిగి చూడండి. చవకదీ, ఖరీదైనదీ ఒకే మెట్టు మీద ఎలా సర్దుకున్నాయో పెద్దవాళ్ళే చెప్తారు. వచ్చి మన క్లబ్‌కి రాయండి.