ఆయిలు పైపు చిన్నదే, అశ్రద్ధ చేస్తే ఇంజనుకే ముప్పు

పొద్దున్నే బండి బయటికి తీసేటప్పుడు ఒక్కసారి వంగి, రాత్రి బండి నిలిపిన చోట నేల చూడండి. రూపాయి బిళ్లంత నల్ల మరక కనిపించిందా? "పాత బండి కదా, కారుతుందిలే" అని తుడిచేసి వెళ్లిపోకండి. ఆ మరక ఎక్కడి నుంచి పడిందో కనుక్కున్నాకే కిక్ కొట్టండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. పల్లెలు తిరగడానికి నేను సెకండ్ హ్యాండులో ఒక పాత బుల్లెట్ కొనుక్కున్నాను. దాని ఆయిలు పైపు చివర చిన్న చీలిక వచ్చింది. కొత్త పైపు కోసం టౌనుకు పోవడానికి బద్ధకించి, ఇంట్లో ఉన్న మందు కొట్టే స్ప్రేయరు పైపు ముక్క కోసి, క్లిప్పు వేసి బిగించాను. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఎండలో పది, పన్నెండు కిలోమీటర్లు పోయేసరికి అది మెత్తబడి జారింది. పైనుంచి టకటక చప్పుడు వినపడింది. ట్యాపెట్ల చప్పుడనుకుని ఇంటిదాకా లాగించాను. తీరా విప్పిస్తే రాకర్లు, వాటి బుష్షులు అరిగిపోయాయి. పైపు మార్చుకుంటే వందల్లో పోయేది, వేలల్లో వదిలింది. నాలుగు రోజులు బండి షెడ్డులో ఉండిపోయింది. పంట మీద ఉన్నప్పుడు మీకు ఆ నాలుగు రోజులూ పోతే ఎంత నష్టమో మీకే తెలుసు.

ఏ బండ్లకు ఈ పైపులు ఉంటాయి?

అన్ని బండ్లకూ ఉండవు. మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే నూరు సీసీ బండ్లలో ఆయిలు దారి ఇంజను లోపలే ఉంటుంది. బయట పైపు కనిపించేది ముఖ్యంగా పాత బుల్లెట్‌కు. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన ఈ బండికి సుమారు 2010 వరకు పోత ఇనుము సిలిండరు ఇంజను ఉండేది. ఆ తర్వాత వచ్చిన ఇంజనులో ఈ పైపులు లేవు.

పాత ఇంజనులో ఆయిలు ట్యాంకు ఇంజను పెట్టెలోనే వెనక భాగంలో ఉంటుంది. రెండు లీటర్లకు పైగా ఆయిలు పడుతుంది. కుడి వైపు మూత లోపల రెండు పంపులు ఉంటాయి. ఒకటి ఆయిలును క్రాంకుకు తోస్తుంది, రెండోది కిందికి దిగిన ఆయిలును తిరిగి ట్యాంకుకు చేరుస్తుంది. పైన వాల్వులు ఆడించే రాకర్లకు ఆయిలు పోయేది మాత్రం కుడి పక్కన బయటికి కనిపించే సన్నని పైపు ద్వారానే. పొలానికి నీళ్లు పారించే కాలువకు గండి పడితే చివరి మడి ఎండుతుంది కదా, ఇదీ అంతే. పైపుకు గండి పడితే ముందు ఎండేవి రాకర్లు. చూసుకోకుండా నడుపుతూ పోతే ట్యాంకే ఖాళీ అవుతుంది, పిస్టను పట్టేస్తుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కారిన ఆయిలు గాలికి వెనక టైరు మీద పడుతుంది. పాల క్యానులో, గడ్డిమోపో కట్టుకుని మలుపు తిరిగినప్పుడు టైరు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

పైపు ఎందుకు చెడుతుంది?

రబ్బరు పైపుకు లోపల వేడి ఆయిలు, బయట ఇంజను సెగ, పైన ఎండ. కొన్నేళ్లకు రబ్బరులో సాగే గుణం పోయి గట్టిపడి పగుళ్లిస్తుంది. కొన్ని పైపులు దీనికి భిన్నంగా ఉబ్బి మెత్తబడతాయి. రెండూ చెడినట్లే. ఇనుప పైపయితే అదురుకు అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక వస్తుంది.

ఎలా పట్టుకోవాలి?

బండి చల్లారాక కిరసనాయిలు గానీ డీజిలు గానీ ముంచిన గుడ్డతో పైపును, దాని చివర్లను శుభ్రంగా తుడవండి. బాగా ఆరాక, ముగ్గుపిండిలాంటి తెల్లపొడి కొంచెం చల్లి, ఇంజను రెండు మూడు నిమిషాలు నడపండి. ఆయిలు ఊరే చోట పొడి నల్లబడుతుంది. దొంగ దొరికినట్లే. ఆయిలు కిందికే కాక గాలికి వెనక్కి కూడా పాకుతుంది. అందుకని తడిసిన భాగంలో అన్నింటికంటే పైన, ముందు ఉన్న చోటును అనుమానించండి.

రబ్బరు పైపును వేళ్లతో కొంచెం వంచి చూడండి. వంపు దగ్గర సన్నని గీతలు కనిపించినా, నొక్కితే రాయిలా ఉన్నా, జిగటగా ఉన్నా దాని పని అయిపోయిందనే అర్థం.

ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు పైపునూ చూడండి. అది నలిగినా, మట్టితో పూడినా లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిలు తన్నుతుంది. ఒక్కోసారి ఆయిలు పైపు మార్చినా లీకు ఆగకపోవడానికి కారణం ఇదే.

పొద్దుటి కొలత నమ్మకండి

పాత బుల్లెట్ రోజుల తరబడి నిలిపి ఉంచితే ట్యాంకులోని ఆయిలు మెల్లగా క్రాంకు గదిలోకి దిగుతుంది. అప్పుడు కొలత పుల్ల తీసి చూస్తే ఆయిలు లేనట్లే కనిపిస్తుంది. కంగారుపడి ఇంకో అర లీటరు పోస్తే, ఇంజను నడిచాక ఎక్కువైన ఆయిలు బ్రీదరు గుండా కక్కేస్తుంది. దాన్ని చూసి పైపు పోయిందనుకుంటాం. కాబట్టి ఇంజను కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి కొలత చూడండి. అదీ సరైన కొలత.

మార్చే పద్ధతి

1. ఆయిలుకు తట్టుకునే పైపే కొనండి. నైట్రైల్ రబ్బరు పైపు గానీ, పైన ఉక్కు జాలీ అల్లిన పైపు గానీ అడగండి. స్ప్రేయరు పైపు, డ్రిప్పు లాటరల్ ముక్క, లెవెల్ పైపు వేడి ఆయిలుకు నిలవవు. సైకిలు ట్యూబు చుట్టినా ఆయిలుకు ఉబ్బి ఊడిపోతుంది.

2. పాత పైపును కొట్టుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూడండి. లోపలి బెజ్జం, పొడవు, చివర కళ్లు మూడూ సరిపోవాలి. పొట్టి పైపు అదురుకు లాగి తెగుతుంది. మరీ పొడుగయితే సైలెన్సరుకు తగిలి మాడుతుంది.

3. చివర్లను పట్టి ఉంచేవి నడుమ రంధ్రం ఉన్న బోల్టులు. వీటినే మెకానిక్కులు బాంజో బోల్టులంటారు. పైపు కంటికి ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి రాగి వాషరు రావాలి. కొత్త వాషర్లే మేలు. దొరకకపోతే పాత రాగి వాషరును నిప్పు మీద ఎర్రగా కాల్చి చల్లార్చి, మసి తుడిచి వేయండి. కాల్చిన రాగి మెత్తబడి బాగా కూర్చుంటుంది.

4. విప్పే ముందు చుట్టూ మట్టి కడగండి. ఇసుక రేణువు లోపలికి పోతే బుష్షులు తినేస్తుంది. బోల్టు నడిమి రంధ్రంలో పుల్లతో పొడిచి దారి తెరిచి ఉందో లేదో చూడండి. ఆయిలు దారిలో గ్యాస్కెట్ పేస్టు పూయకండి. ఎక్కువైన పేస్టు లోపల గడ్డకట్టి దారి మూసేస్తుంది.

5. పొట్టి స్పానరుతో బిగించండి. బలం చూపిస్తే మర చెడుతుంది.

6. ఆయిలు సరిచూసి ఇంజనును నెమ్మది మీద నడపండి. పైన రాకరు దగ్గర బోల్టును అర చుట్టు వదులు చేస్తే కాసేపటికి ఆయిలు ఊరాలి. ఊరితే వెంటనే బిగించండి. ఊరకపోతే ఇంజను ఆపి మెకానిక్‌కు చూపించండి. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక, ఇంజను చల్లారాక, బోల్టులు ఇంకోసారి చూసుకోండి.

దారిలో తెగితే

వెంటనే ఇంజను ఆపండి. ఇంకొక్క కిలోమీటరే కదా అనుకోవద్దు. వేడి తగ్గాక చూడండి. చీలిక క్లిప్పు దగ్గరే ఉండి, పైపు పొడవు చాలితే, చీలిన ముక్క కోసేసి మళ్లీ తొడిగి బిగించవచ్చు. ఆయిలు కొలత సరిచేసుకుని నెమ్మదిగా దగ్గరి షెడ్డుకు చేరండి. చీలిక నడుమ ఉంటే మాత్రం బండిని ఆటోలో ఎక్కించడమే చౌక. వెనక టైరుకు, బ్రేకుకు ఆయిలు అంటిందేమో చూసి, సబ్బు నీళ్లతో టైరు కడిగాకే ఎక్కండి.

మిగతా బండ్ల వారికి

మీ బండికి ఆయిలు పైపు లేకపోయినా పెట్రోలు పైపు ఉంటుంది. 2023 నుంచి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాలు మన చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచే తీస్తారు. పంటకు అది మంచి గిరాకీయే గానీ, పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు. కొన్ని త్వరగా గట్టిపడి పగులుతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే మంటే. ఆయిలు పైపును చూసినట్లే దీన్నీ చూసుకోండి. ఇది చూసేటప్పుడు బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వకండి.

తీసిన పాత ఆయిలును కాలువలో, పొలం గట్టున పారబోయకండి. డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి. పశువుల పుండ్లకు పూసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది మానుకోవాలి. వాడిన ఆయిలులో ఉండే లోహాలు, మసి పశువుకు హాని చేస్తాయి.

ఖరీఫ్ దుక్కుల ముందు నాగలి, స్ప్రేయరు, మోటారు అన్నీ సరిచూసుకుంటాం. ఆ రోజే బండి పక్కన కూడా పది నిమిషాలు కూర్చోండి. పైపు వయసు మీకు గుర్తు లేకపోతే, అది పాతదనే లెక్క. తెగే దాకా ఆగకుండా, తీరిక ఉన్న రోజునే మార్చుకోండి.