ఆవ పెట్టాక పొయ్యెక్కించకండి

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో అందరికంటే నిష్ఠగల శాకాహారులు ఎవరంటే గుడి తాబేళ్ళనే చెప్పాలి. కూర్మనాథుడి ఆవరణలో పెరిగే ఈ నక్షత్ర తాబేళ్ళకు ఆకులూ కూరగాయలే విందు. ముచ్చటగా ఉన్నాయని ఇంటికి తెచ్చి పెంచుకుంటే మాత్రం నేరం.

ఇక మనుషుల వంటలు. ఈ చుట్టుపక్కల ఎవరినైనా "ఆ కూర ఎలా చేశారు పిన్నీ?" అని అడిగి చూడండి. ఎంత వెయ్యాలంటే "సరిపడా" అంటారు. ఎప్పుడు వెయ్యాలంటే మాత్రం ఠక్కున చెబుతారు. వంట కిటుకంతా ఆ రెండో జవాబులోనే ఉంటుంది.

ఆవ సంగతే తీసుకోండి. అరటికాయ కూరైనా, కంద బచ్చలైనా "దించీసి, కాస్త చల్లారాక ఆవ పెట్టమ్మా" అంటారు. ఆవగింజ పొడిగా ఉన్నంతసేపు దానిలో ఘాటు ఉండదు. నీళ్ళు చిలకరించి నూరినప్పుడే గింజలోని ఎంజైము ఇంకో పదార్థంతో కలిసి, ముక్కుకెక్కే ఆ నూనెను పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది. పోపులో ఆవాలు ఎంత చిటపటలాడినా కళ్ళల్లో నీళ్ళు రాకపోవడానికి కారణం ఇదే. సరిహద్దు దాటి ఒడిశా వెళ్తే బేసర పేరుతో ఆవముద్ద కూరలు కనిపిస్తాయి. కాకపోతే వాళ్ళు ముద్దను ఉడకనిస్తారు. నా ఓటు మన పద్ధతికే!

ఆవపెట్టిన కూరలో పడే ఎండుమిరపకాయ మాత్రం మనది కాదు. అమెరికా ఖండంనుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారమంటే మిరియం, ఆవ, అల్లం లాంటివే. పలాస పేరు చెప్పగానే గుర్తొచ్చే జీడిమామిడి కూడా ఆ దారిలోనే బ్రెజిల్‌నుంచి వచ్చి, ఉద్దానం ఇసుకనేలలో స్థిరపడింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని, కొబ్బరి చెట్లతో సహా, నేలకూల్చింది. జీడిగింజ పెంకులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. మన ఉప్మాలో తెల్లగా మెరిసే పప్పు వెనక, వేళ్ళకు ఆ జీడి అంటకుండా జాగ్రత్తపడుతూ గింజలు కొట్టే ఆడవాళ్ళ కష్టం ఉంది.

పనసపొట్టు కొట్టడం చూశారా? లేతకాయ మీద ముళ్ళతొక్క చెక్కేసి, కాయను తిప్పుతూ, కత్తితో టకటకా గాట్లు పెడతారు. తర్వాత పైపొర చెక్కితే సన్నటి పొట్టు రాలుతుంది. మళ్ళీ గాట్లు, మళ్ళీ చెక్కడం. ముందే చేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు, ఎందుకంటే పనసజిగురు నీళ్ళతో కడిగితే వదలదు, నూనెకే లొంగుతుంది. ఇంత శ్రమ ఉన్న కూర కాబట్టే ఒక ఇంట్లో వండితే నాలుగిళ్ళకు గిన్నెలు వెళ్ళేవి. ఇప్పుడు బజారులో కొట్టిన పొట్టే దొరుకుతోంది. గిన్నెలు పంపడం మాత్రం తగ్గింది.

ఇంగువ లేకుండా ఇక్కడ చారు కాయరు. ఆ మొక్క జన్మస్థలం ఇరాన్, అఫ్గానిస్థాన్ కొండలు. వేరుకు గాటు పెడితే కారే పాలు గట్టిపడితే ఇంగువ. తరతరాలుగా తింటున్నా, మన శాస్త్రవేత్తలు దాని సాగు మొదలుపెట్టింది 2020 అక్టోబరులోనే, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో.

గోంగూరకు ఇక్కడ ఇంకో ఉద్యోగం ఉంది. ఆకు పచ్చడికి, కాండం నారకు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు గోగునారకు పేరుపడ్డవి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగులో కొత్త రకాలు తయారుచేసింది. నెల్లిమర్లలో జూట్ మిల్లు వెలిసింది. పచ్చడి కలుపుకునే అన్నం, ఆ బియ్యం వచ్చిన గోనెసంచి, రెండూ గోగుకు రుణపడ్డాయన్నమాట.

చోళ్ళను తక్కిన ఆంధ్రుల్లో చాలామంది రాగులంటారు. వంద గ్రాముల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బరువు పాలలో ఉండేదానికి రెండింతలు దాటి. విజయనగరం పరిశోధన కేంద్రం విడుదల చేసిన చోడి రకాలకు చంపావతి, గోస్తని అని ఇక్కడి నదుల పేర్లే పెట్టారు. చోడి అంబలి తాగేవాళ్ళను ఒకప్పుడు చిన్నచూపు చూసినవాళ్ళే ఇప్పుడు డాక్టరు చెప్పాడని కొనుక్కుంటున్నారు.

ఇక దేవుడి వంట. రథసప్తమికి అరసవల్లిలో పిడకల మీద క్షీరాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడతారు.

వేసవిలో తరవాణి. కుండలో పులిసిన గంజినీళ్ళలో రాత్రి అన్నం వేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తినడం. ఒడియావాళ్ళు దీని అక్క లాంటి పఖాళ కోసం ఏటా మార్చి 20న ప్రత్యేక దినమే జరుపుకుంటారు. మనవాళ్ళు తరవాణికి ఒక రోజు కేటాయించలేదు, కుండ కూడా అటకెక్కించారు.

డబ్బులిచ్చి తినే భోజనానికి తెలుగు సాహిత్యంలో చిరునామా విజయనగరమే. 1892లో అక్కడే తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఇల్లు లేకపోతే గిరీశం కథ నడవదు.

వంటను అచ్చులోకి ఎక్కించి ఊరూరికీ పంచిన ఘనత మాలతీ చందూర్‌ది. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆవిడ పేరు చెబితే, చాలామంది ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది ‘వంటలు-పిండివంటలు’ పుస్తకమే. కొత్తకాపురానికి బయల్దేరిన అమ్మాయి పెట్టెలో దానికి చోటుండేది.

ఆవ, ఇంగువ, పనసపొట్టు విషయంలో మీ ఇంటి పెద్దవాళ్ళు చెప్పే ‘సరిపడా’ను ఒకసారి చెంచాలతో కొలిచి రాసుకోండి. స్నేహితులకు పంపేటప్పుడు ఆ కొలతతోపాటు, ఆవ ఎప్పుడు పెట్టాలో కూడా రాయడం మరిచిపోకండి.