మట్టి పొరలో అగ్నిపర్వతం జాడ

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో మట్టి చాలావరకు ఖోండలైట్ రాయి చివికి పుట్టింది. తరతరాల వానలకు ఆ రాతిలోని ఫెల్డ్‌స్పార్ శిథిలమై తెల్లని కయోలినైట్ బంకమట్టిగా మారింది. ఆకాశం నుంచి రాలిన బూడిద కూడా బంకమట్టి అవుతుంది. దాని కథ వేరు.

అగ్నిపర్వతం ఎగజిమ్మే బూడిద కట్టెలు కాలిన బూడిద కాదు. శిలాద్రవం గాలిలో ఒక్కసారిగా చల్లారి తునకలైన గాజు అది. నీళ్లలో నానిన గాజు నిలకడగా ఉండదు. ఏ సముద్రం అడుగునో పేరుకుంటే క్రమంగా స్మెక్టైట్ ఖనిజంగా మారుతుంది. ఇది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బోర్లు వేసేటప్పుడు వాడే బెంటొనైట్‌లో ప్రధానంగా ఉండేది ఇదే. లోతున పూడుకుపోయి వేడెక్కి, పొటాషియం చేరితే ఇల్లైట్ అనే మరో ఖనిజం అవుతుంది.

అలాగని స్మెక్టైట్ కనబడగానే అగ్నిపర్వతం అనేస్తే తొందరపాటే. మన నల్లరేగడిలోనూ ఉన్నది అదే మరి! సున్నపురాయి, షేల్ పొరల మధ్య ఉన్నట్టుండి కనబడే పలచటి మట్టి పొర, అందులో ఏటి నీటికి అరగని పదునైన అంచుల జిర్కాన్ స్ఫటికాలు కూడా ఉంటేనే సాక్ష్యానికి బలం. జిర్కాన్‌లో యురేనియం ఎంత సీసమైందో కొలిస్తే బూడిద రాలిన కాలం తెలుస్తుంది. సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందటి జీవ మహావినాశనానికి తేదీ కట్టింది చైనాలోని మెయిషాన్‌లో దొరికిన ఇలాంటి పొరలతోనే.

అంత దూరం వెళ్లక్కర్లేదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిన బూడిద ఉంది. దూరం దాదాపు 2,600 కిలోమీటర్లు! కొన్నిచోట్ల పొర మందం రెండు మీటర్లు దాటింది. భూగర్భ కాలమానంలో ఇది నిన్నటి మాటే కనుక గాజు తునకలు ఇంకా గాజుగానే ఉన్నాయి. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం 2007లో ప్రకటించింది. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారన్నది వారి వాదన.

అక్కడికి దగ్గరలోనే అవుకు. అక్కడి ప్రాచీన షేల్‌లో సిలికా దండిగా ఉన్న బూడిద పొరలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు దిలీప్ సాహా, వికాస్ త్రిపాఠీ 2012లో రాశారు. ఈ షేల్ చేరిన, డైనోసార్లకు ఎంతో ముందటి కర్నూలు శిలావర్గంలో వయసు చెప్పగల శిలాజాలు దాదాపు లేవు. వాటి కాలంపై వాదన తెగాలంటే ఇలాంటి పొరల్లో జిర్కాన్ కోసం వెతకడమే మంచి దారి.