నర్సమ్మ చేసే మేలు



కొన్ని జబ్బులు బాగా ముదిరిపోతాయి. ఏ మందుకూ లొంగవు. అప్పుడు డాక్టరు "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. ఆ మాట వినగానే మన గుండె జారిపోతుంది. ఇక చేసేదేమీ లేదు అనుకుంటాం. ఇది నిజమేనా?

కాదు. జబ్బు నయం కాకపోవచ్చు. కానీ నొప్పి తగ్గించవచ్చు. ఆయాసం తగ్గించవచ్చు. పుండు శుభ్రం చేయవచ్చు. ధైర్యం చెప్పవచ్చు. దీనిని ఉపశమన సేవ అంటారు. ఉపశమనం అంటే బాధ తగ్గడం. ఈ సేవలో నర్సమ్మే ముఖ్యం.

ఈ సేవకు దారి చూపిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సే. తర్వాత డాక్టరు చదువు చదివారు. 1967లో లండన్ నగరంలో ఇలాంటి రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. మన దేశంలో 1986లో ముంబైలో ఇలాంటిది మొదలైంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో కూడా ఈ సేవ ఉంది.

నర్సమ్మ ఏం చేస్తుంది?

నొప్పి ఎక్కడ, ఎంత అని అడుగుతుంది. డాక్టరుకు చెబుతుంది. నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరు మార్ఫిన్ అనే మందు రాస్తారు. "ఇది ప్రాణం తీస్తుందేమో" అని కొందరు భయపడతారు. డాక్టరు చెప్పినంతే వాడితే ఆ భయం అక్కర్లేదు. దీనివల్ల విరేచనం సాఫీగా కాదు. దానికి కూడా మందు ఇస్తారు. మనంతట మనం మందు పెంచకూడదు, ఆపకూడదు.

మంచాన పడినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు మీద, నడుము కింద పుండ్లు పడతాయి. నోరు ఎండిపోతే తడిగుడ్డతో తుడవాలి. ఇవన్నీ నర్సమ్మ మనకు నేర్పుతుంది.

చివరి రోజుల్లో ఆకలి చచ్చిపోతుంది. "మా అత్త ముద్ద ముట్టడం లేదు. నేను సరిగా చూడలేదేమో" అని కోడలు కుమిలిపోతుంది. అప్పుడు నర్సమ్మ అంటుంది: "నీ తప్పు కాదమ్మా. ఆ ఒంటికి ఇక అన్నం అక్కర్లేదు. బలవంతంగా పెడితే పొలమారుతుంది. పక్కన కూర్చో. చెయ్యి పట్టుకో." ఈ ఒక్క మాటతో కోడలి గుండె బరువు దిగుతుంది. ఏళ్లు గడిచినా ఆ మాట మరచిపోదు.

"జీతం తీసుకుంటోంది కదా" అంటారు కొందరు. పుండు కడిగినందుకు జీతం ఉంది. ముఖం చిట్లించకుండా కడిగినందుకు, "పెద్దమ్మా" అని నోరారా పిలిచినందుకు జీతం లేదు.

మరి ఆ రుణం ఎలా తీర్చుకోవాలి?

మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, నొప్పి ఎప్పుడు వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి. నర్సమ్మ వచ్చినప్పుడు చూపించండి. ఆమె పని తేలికవుతుంది.

తర్వాత ఒక ఉత్తరం రాయండి. "మా అమ్మ చివరి రాత్రి నొప్పి లేకుండా నిద్రపోయింది. మీ చలవే తల్లీ." ఈ రెండు ముక్కలు చాలు. ఆసుపత్రి పెద్ద డాక్టరుకు కూడా ఒకటి రాయండి. అందులో నర్సమ్మ పేరు రాయండి.

మీ వాడలో ఇలాంటి రోగి ఉంటే ఆ ఇంటికి వెళ్లండి. ఈ సేవ గురించి చెప్పండి. జిల్లా ఆసుపత్రిలో అడగమనండి. ఊరి ఆశా కార్యకర్తనూ అడగమనండి.

కేంద్రంలో మాట్లాడుకోండి: మీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఆదుకున్న నర్సమ్మ ఎవరు? ఆమెకు మీరు ఏమని రాస్తారు?