సినిమా పనికీ కాగితం ఉండాలి

బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండాలంటే దుక్కి, నాట్లు, కోత, నూర్పిడి వరసగా జరగాలి. సినిమా తీయడానికీ అలాగే దశలున్నాయి.

మొదటి దశలో కథ రాస్తారు. ఖర్చు లెక్క వేస్తారు. నటులను, పనివాళ్లను కుదుర్చుకుంటారు.

రెండో దశ షూటింగు. ఎక్కువ మందికి పని దొరికేది ఇప్పుడే. కెమెరా, లైట్లు, బట్టలు, వంట, అన్నిటికీ మనుషులు కావాలి. గుంపులో కనిపించేవాళ్లు జూనియర్ ఆర్టిస్టులు. నాట్లకు మేస్త్రి కూలీలను తెచ్చినట్టు, వీళ్లను ఏజెంటు తెస్తాడు.

మూడో దశలో బొమ్మలను కత్తిరించి అతుకుతారు. మాటలు, పాటలు కలుపుతారు. సెన్సారు సర్టిఫికెట్ తీసుకుంటారు. తరువాత సినిమా విడుదల అవుతుంది.

ఒక దశ కాగానే ఆ పనివాళ్లు వెళ్లిపోతారు. కూలి అందకుంటే తరువాత ఎవరిని అడగాలి? అందుకే సినిమా పనివాళ్లతో ఒప్పందం రాసుకోవాలని 1981లో కేంద్ర చట్టం వచ్చింది. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టంలోనూ ఆ మాట ఉంది.

ఇప్పుడు సినిమా పనుల కబుర్లు ఫోనులోనూ వస్తున్నాయి. ముందుగా డబ్బు కట్టమంటే కట్టకూడదు. పని ఏమిటి? ఎన్ని రోజులు? కూలి ఎంత? ఎప్పుడు ఇస్తారు? ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. చదువు వచ్చిన అక్కలు ముందు చదవాలి. ఆ తరువాతే సంతకం పెట్టాలి.