పేరులేని రుచి

1878వ సంవత్సరం మే నెలలో ఇసబెల్లా బర్డ్ అనే ఆంగ్ల యాత్రికురాలు జపానులోని యొకొహామా రేవులో దిగింది. అప్పటికి ఆమె వయస్సు 46 ఏళ్లు. చిన్ననాటినుంచీ వెన్నునొప్పితో బాధపడుతున్నా, హవాయి దీవులనూ అమెరికాలోని రాకీ పర్వతాలనూ గుర్రంమీద తిరిగివచ్చిన ధైర్యశాలి ఆమె. జపానులో విదేశీయులు అంతగా అడుగుపెట్టని ఉత్తర ప్రాంతపు పల్లెలను చూడాలని ఆమె కోరిక. ఆ సంగతి తెలిసిన తోటి ఆంగ్లేయులు కలిసినప్పుడల్లా ఎంతో తీవ్రంగా చర్చించిన విషయం ఒకటుంది. అది దొంగల భయం కాదు, దారుల కష్టమూ కాదు. ఆ పల్లెల్లో ఆమె ఏమి తిని బతుకుతుంది?

వారి దిగులుకు కారణం లేకపోలేదు. రొట్టె, వెన్న, పాలు, మాంసం, కాఫీ లోపలి ఊళ్లలో దొరకవు. తాజా చేపలు కూడా అరుదే. దొరికేవి అన్నం, తేనీరు, గుడ్లు, చప్పిడి కూరగాయలు. జపానువారి వంటకాలను గొంతు దిగేలా చేసుకోవడం ఏ కొద్దిమందికో, అదీ చాలాకాలం అలవాటుపడితేనే సాధ్యమని బర్డ్ నమ్మింది. అందుకని కొద్దిగా మాంససారం, సుమారు రెండు కిలోల ఎండుద్రాక్ష, కొంత చాకొలెట్, కొంచెం బ్రాందీ మూటగట్టుకుంది. ఆ మాంససారం జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ పేరుమీద అమ్ముడయ్యేది. గొడ్డుమాంసాన్ని ఉడికించి, ఆ రసాన్ని చిక్కగా మరిగించి దానిని తయారుచేసేవారు. దాని సంగతి తరువాత మళ్లీ వస్తుంది.

జపానులో మాంసం ఎందుకు దొరకలేదు? క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఆవులు, గుర్రాలు, కుక్కలు, కోతులు, కోళ్ల మాంసం తినరాదని శాసనం చేశాడు. అది ఏడాదిలో కొన్ని నెలలకే వర్తించేది. కాని బౌద్ధమత ప్రభావం బలపడినకొద్దీ పశుమాంసం తినడం తప్పు అనే భావం జనంలో స్థిరపడింది. చేపలు మాత్రం మానలేదు. చుట్టూ సముద్రం ఉన్న దేశం గదా! 1872లో మెయిజీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిన్నాడని ప్రకటించారు. పాశ్చాత్యులతో సమానంగా నిలబడాలన్న తపన ఆ కాలంలో అన్నిటిలోనూ కనబడేది. బర్డ్ వచ్చింది ఆ తరువాత ఆరేళ్లకే. పట్టణాలలో మార్పు మొదలైనా పల్లెలకు అది చేరలేదు. అక్కడ పశువులు బరువులు మోయడానికే.

ఇటో అనే యువకుణ్ణి దుబాసీగా వెంటబెట్టుకుని, జూన్ నెలలో ఆమె టోక్యోనుంచి బయలుదేరింది. నిక్కో మీదుగా, కొండదారులలో నీగాటాకు, అక్కడినుంచి ఇంకా ఉత్తరానికి సాగింది. ఒక ఊరిలో ఆవులు కనబడ్డాయి. పాలు దొరుకుతాయని ఆశపడి అడిగింది. ఊరివారంతా పకపకా నవ్వారు. దూడ తప్ప మరెవరైనా ఆవు పాలు తాగుతారన్న ఊహే వారికి కొత్త. అంత ఘాటు వాసన, రుచి ఉన్న వస్తువును విదేశీయులు తేనీటిలో పోసుకోవడం తమవారికి పరమ అసహ్యమని ఇటో ఆమెకు విప్పి చెప్పాడు. పొద్దున లేస్తూనే పాలు కలిపిన టీ తాగే మనకు ఈ మాట వింటే నవ్వు రావచ్చు. ఆ ఊరివారికి నవ్వు వచ్చిందీ అలాగే.

మరొకచోట రాత్రి భోజనానికి ఇటో ఒక కోడిని కొన్నాడు. కోయబోయే సమయానికి అమ్మినామె డబ్బు తిరిగి తెచ్చి ఇచ్చేసింది. తాను పెంచిన కోడి చస్తుంటే చూడలేనన్నది. ఆ పూట బర్డ్‌కు కోడికూర లేదు. ఎన్నో వారాల తరువాత కుబొటా పట్టణంలో, అంటే నేటి అకిటాలో, ఆమెకు మాంసం ముక్క, దానితోపాటు కర్రీ కూడా దొరికాయి. మన దేశపు కూర ఆంగ్లేయుల నోట కర్రీ అయి, ఆమెకంటె ముందే అంతదూరం చేరిందన్నమాట.

ఆ దారిలో ఆమెకు పెట్టింది పేద పల్లెల తిండి అన్న సంగతి మరవరాదు. కాని ఆమె ‘చప్పిడి’ అన్న మాట పట్టణాలలో చక్కగా వండిన భోజనం గురించి కూడా చాలామంది విదేశీయులు అనేవారు. మిరియాలు లేవు, నెయ్యి లేదు, వేపుడు తక్కువ. మరి వాటిలో రుచి ఎక్కడుంది?

అది నీళ్లలో ఉంది. జపానువారు చారుకూ, కూరగాయలు ఉడికించడానికీ వట్టి నీళ్లు వాడరు. ‘దాషి’ అనే రసం వాడతారు. చల్లని ఉత్తర సముద్రాలలో, ముఖ్యంగా హొక్కయిడో తీరాన, ‘కొంబు’ అనే వెడల్పాటి సముద్రపు నాచు పెరుగుతుంది. దానిని ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, సన్నని సెగమీద కాచి, నీళ్లు మరగకముందే తీసేస్తారు. ఆ నీళ్లలో ‘కాట్సుఓబుషి’ పొరలు వేస్తారు. ఇది ఒక జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, మళ్లీమళ్లీ ఆరబెట్టగా కర్రలాగా గట్టిపడిన వస్తువు. వడ్రంగి చిత్రిక వంటి పరికరంతో దానిని పలుచగా గీస్తారు. కొద్ది నిమిషాల తరువాత వడకడితే దాషి సిద్ధం. లేత రంగు నీళ్లలా ఉంటుంది. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది.

టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రాచార్యుడైన కికునాయె ఇకెడా ఆ నీళ్లలో ఏముందో తేల్చాడు. ఆయన జర్మనీలో చదువుకుని వచ్చినవాడు. టమాటాలు, జున్ను, మాంసం వంటి వాటిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని మరో రుచి సమానంగా ఉందనీ, అదే దాషిలోనూ ఉందనీ ఆయన గమనించాడు. 1908లో కొంబునుంచి గ్లుటామిక్ ఆమ్లాన్ని వేరుచేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరుపెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొదామా కాట్సుఓబుషిలో ఇనోసినిక్ ఆమ్లం ఉమామికి కారణమని కనుగొన్నాడు. ఈ రెండూ కలిస్తే ఆ రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. నాచునూ చేపనూ జతచేసిన పూర్వపు వంటవారికి రసాయన శాస్త్రం తెలియదు; నాలుక తెలుసు.

ఇక లీబిగ్ మాంససారం సంగతి. ఇనోసినిక్ ఆమ్లాన్ని మొట్టమొదట 1847లో గొడ్డుమాంసపు రసంనుంచి వేరుచేసినవాడు ఆ లీబిగ్ మహాశయుడే. అంటే జపానులో తిండికి రుచి ఉండదేమోనని బర్డ్ ఇంగ్లీషు మాంససారాన్ని మోసుకెళ్లింది గాని, దానిలోని రుచీ, దాషిలోని రుచీ ఒక్కటే. పేరులేని రుచి గనుక ఆమెకు పోల్చుకునే వీలులేకపోయింది.

పాలూ మాంసమూ లేని లోటును జపానువారు చాలావరకు సోయా చిక్కుడు గింజలతో తీర్చుకున్నారు. మనకు కందిపప్పు ఎలాగో వారికి అది అలాగ. ఉడికించిన గింజలలో ఉప్పునూ, బియ్యంమీద పెంచిన ‘కోజి’ అనే బూజునూ కలిపి నెలల తరబడి మాగబెడితే ‘మిసో’ అనే ముద్ద తయారవుతుంది. ఇడ్లీపిండి ఒక రాత్రిలో పొంగుతుంది; మిసో ఏడాదికి పైగా మాగినా ఆశ్చర్యంలేదు. దాషిలో మిసో కలిపితే అదే వారి చారు.

మన దేశంనుంచి వెళ్లే శాకాహారులకు ఇక్కడే చిక్కు వస్తుంది. గిన్నెలో కూరగాయ ముక్కలే కనబడతాయి గాని, నీళ్లలో చేప రసం ఉంటుంది. అక్కడి బౌద్ధ మఠాల వంటలో మాత్రం చేపకు బదులు కొంబునూ, ఎండబెట్టిన పుట్టగొడుగులనూ వాడతారు. ఈ వంట మీద ఆ మఠాలవారికి ఎంత గౌరవమంటే, దోగెన్ అనే గురువు 1237లోనే మఠపు వంటవాడి బాధ్యతల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. 2013లో యునెస్కో జపానువారి సంప్రదాయ భోజన పద్ధతిని మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది.

బర్డ్ తన ప్రయాణాన్ని 1880లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించింది. తిండిని గురించి అంత సణిగిన మనిషి, ఆ తిండికోసమే అందులో ఒక భాగం కేటాయించింది. చేపలు, కూరగాయలు, నాచులు అన్నిటినీ ఓపికగా పేర్కొన్నది. ముల్లంగి ఊరగాయ వాసనను మాత్రం ఆమె చివరిదాకా క్షమించలేదు. స్కంక్ అనే అమెరికా జంతువు కంపు తప్పిస్తే, తానెరిగిన కంపులలో అదే అధమమన్నది. మన ఇంగువ డబ్బా మూత తీస్తే కొత్తవారు ముక్కు మూసుకోవడం లేదా? అయినా ఆ ఊరగాయ పెట్టే విధానాన్ని ఆమె వదిలిపెట్టలేదు. ముల్లంగిని కొద్దిగా ఎండనిచ్చి, తవుడు కలిపిన ఉప్పునీటిలో వేసి, మూడు నెలలు అందులోనే ఊరనిస్తారట.